ఎదురు పురి

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు. ఎందుకంటే నాకు రాయడం వచ్చేది కాదు. మా ఇంట్లో ఆడపిల్లకి ఊహ తెలిసేసరికి చేతిలో కదురు పెట్టేవారు. బడి ఊరికి అవతలి చివర ఉండేది, గొర్రెల దొడ్డి ఇంటి వెనకే ఉండేది. ఏది దగ్గరైతే అక్కడికే పంపారు. తర్వాత పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. వాళ్ళ పుస్తకాలకి అట్టలు వేశాను గానీ లోపల ఏముందో తెలియకుండానే ముసలిదాన్నయ్యాను.

చివరికి అక్షరాలు నాకు ఉన్ని వల్లే వచ్చాయి. నర్సీపట్నం దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో మేము కొందరు ఆడవాళ్ళం మళ్ళీ ఉన్ని వడుకుతున్నాం. స్వెట్టర్లూ టోపీలూ అల్లుకునేవాళ్ళ కోసం నూలు. ప్రతి కట్టకీ ఒక అట్టముక్క కడతారు. గొర్రెలు ఎవరివో, ఏ ఊరి మందో, ఉన్ని ఎప్పుడు కత్తిరించారో, వడికింది ఎవరో దాని మీద ఉంటుంది. అందరూ పేరు రాస్తుంటే నేను వేలిముద్ర వేసేదాన్ని. షెడ్డు చూసుకునే అమ్మాయికి నా మనవరాలి వయసు. అది చూడలేక, రోజూ పని అయ్యాక నన్ను కూర్చోబెట్టి పలక మీద దిద్దించింది.

ఆ అమ్మాయే ఒకరోజు ఫోను తీసి అట్టముక్క మీదున్న గళ్ళ ముద్రకి చూపించింది. ఫోనులో కృష్ణదేవిపేట వైపు గొర్రెలు కాసే ఒకాయన ముఖం, ఆయన మంద, వెనక కొండ కనిపించాయి. ఎక్కడో చలిదేశంలో ఈ నూలుతో టోపీ అల్లుకున్నామె కూడా ఇదే చూస్తుందట. నూలులో ఏదైనా తేడా వస్తే వెనక్కి వెతుక్కుంటూ ఆ మంద దాకా రావచ్చట. అందరూ మురిసిపోతూ చూశారు. నేను మాత్రం చూపు తిప్పుకున్నాను. మా ఇంటి ఉన్ని ఎవరి ఒంటి మీదకి చేరిందో తెలియక మేమంతా బిక్కచచ్చిపోయిన ఒక ఏడాది గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. మా వైపు గొర్రెలకి బొచ్చే గాని ఉన్ని ఉండదు. మా తాతలు ఎక్కడో పడమటి వైపు నుంచి తోలుకొచ్చిన నల్లజాతి గొర్రెలు మా ఇంట్లోనూ, మరి రెండు మూడు ఇళ్ళలోనూ మాత్రమే ఉండేవి. చిన్నాన్న మందని మేతకి తోలేవాడు. నాన్న ఇంటి అరుగు పక్కన మగ్గం గుంటలో కూర్చుని గొంగళ్ళు నేసేవాడు. వడకడం ఆడవాళ్ళ పని. దాని మీద పెత్తనం మా మామ్మది, అంటే నాన్న తల్లిది.

వాన పడితే ఇల్లంతా తడిసిన గొర్రె వాసన వేసేది. మా అన్నంలో, మా జుట్టులో, దుప్పట్లో అదే వాసన. గొంగళికి పట్టించడానికి చింతపిక్కల గంజి పెద్ద కుండలో ఉడుకుతుంటే నేను దొంగతనంగా వేలు ముంచి నాకేదాన్ని. నాలుక అంగిలికి అంటుకుపోయేది. పొద్దున్న చోడి అంబలి, అందులోకి నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ళ చేపలు. ఏకిన ఉన్ని పీకి మూతికి మీసాలు పెట్టుకుని నేను మామ్మలా వంగి నడిస్తే, మామ్మ తల ఎత్తకుండానే, "ఆ మీసాలకి పిల్లనెవులిస్తారే గుంటా, కూకో" అనేది.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. బతికున్న గొర్రె నుంచి కత్తిరించిన ఉన్ని వేరు, చచ్చిన గొర్రె ఉన్ని వేరు. చచ్చినదాని ఉన్ని మనిషి ఒంటి మీద పడకూడదు. దాంతో పలుపుతాళ్ళు, బండికి కట్టే మోకులు పేనేవారు. రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి కాబట్టి కలిసిపోకుండా ఒక పద్ధతి పెట్టుకున్నారు. నూలుకి పడే మెలికని పురి అంటాం. కదురుని కుడి తొడ మీద కుడి అరచేత్తో దొర్లిస్తే పురి ఒక వైపు పడుతుంది. ఎడమ తొడ మీద ఎడమ చేత్తో దొర్లిస్తే ఎదురు వైపు పడుతుంది. మంచి ఉన్ని కుడిచేత్తో, చావు ఉన్ని ఎడంచేత్తో వడికేవారు. వడికిన ఉండలన్నీ ఒకే గంపలో పడేసేవారు. వాటిని వేరు చేసేది మామ్మ వేళ్ళు. నూలు కొసని బొటనవేలితో నలిపి, మాట్లాడుతూనే, ఒక ఉండ మగ్గం వైపు, ఒక ఉండ చూరులోకి విసిరేది.

ఆ ఏడు వేసవిలో చిన్నాన్నకి పెళ్ళయింది. పిన్నిది పాయకరావుపేట దగ్గర పల్లె. వాళ్ళకి గొర్రెలు లేవు, వరి చేలు. ఉన్ని పట్టుకోవడం మా ఇంటికొచ్చాకే నేర్చుకుంది. మనిషి చలాకీ. మగ్గం గుంటలో కూర్చున్న నాన్నని చూసి, "బావగారు సగమే ఉన్నారేటి, మిగతా సగం ఎల్లిపోనాదా" అని అమ్మ చెవిలో అంటే అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది.

పిన్నిది ఎడంచేతి వాటం. అది అత్తవారింట ఎవరికీ తెలియనివ్వలేదు. అందరి ముందూ కుడిచేత్తో తినేది, కుడిచేత్తో వడ్డించేది. వడకడానికి మాత్రం పెరట్లో పనస చెట్టు వెనక్కి వెళ్ళి కూర్చునేది. ఒకసారి నేను చూశాను. ఎడమ తొడ మీద కదురు బొంగరంలా తిరుగుతోంది. నన్ను చూసి గభాలున చేయి మార్చింది.

"అత్తకి సెప్పకే అమ్మీ. ఎడంసేతి కోడలొచ్చిందని ఊరంతా సెప్పుకుంటారు" అంది.

నాకు అందులో చెప్పాల్సినది ఏముందో కూడా తెలియలేదు. తల ఊపి ఆడుకోవడానికి పోయాను.

తొలకరికి ముందు ఎండలు దారుణంగా కాశాయి. ఊరి పక్క గెడ్డలో నీళ్ళు ఎండి అడుగు కనిపించింది. తర్వాత ఒక్కసారిగా వాన పడి, గెడ్డ ఒడ్డున ఎన్నడూ మేపని చోట లేత పచ్చిక లేచింది. చిన్నాన్న మందని అక్కడికి తోలాడు. కొన్నాళ్ళకి, సాయంత్రం మామూలుగా దొడ్డిలోకి వచ్చిన పొట్టేలు పొద్దున్న లేవలేదు. కడుపు కుండలా ఉబ్బింది. ముక్కులోంచి కారిన నెత్తురు తారులా నల్లగా ఉంది. ఎండ ఎక్కినా అది పేరుకోలేదు.

ఊళ్ళో పెద్దవాళ్ళు వచ్చి చూశారు. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు అమ్మోరికి చేయాల్సినది చేయలేదన్నారు. మాంసం అడిగినవాళ్ళకి మామ్మ ఇవ్వలేదు. పేరుకోని నెత్తురు ఇంట్లోకి రాకూడదని పాతిపెట్టించింది. కానీ పాతే ముందు ఉన్ని పీకించింది. ఉన్నికి నెత్తురుండదు కదా అంది. వరసగా మరికొన్ని అలాగే పోయాయి. పాతిన చోటికి మా కుక్క వెళ్ళేది కాదు. ఆ చోటు రాగానే చుట్టూ తిరిగి పోయేది. అది చూసి నేనూ అలాగే తిరిగి పోవడం మొదలుపెట్టాను.

చావు ఉన్ని ఎప్పుడూ లేనంత పోగుపడింది. మామ్మ దాన్ని కోడళ్ళకి పంచింది. అమ్మకి పద్ధతి తెలుసు. పిన్నికి మాత్రం మామ్మ చెప్పింది ఒక్క ముక్క: మంచిదానికి అలవాటైన చెయ్యి, చచ్చినదానికి రెండో చెయ్యి. ఎందుకో చెప్పలేదు. మా ఇంట్లో ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు, అడిగితే చెప్పేవారూ కాదు. పిన్ని అది ఏదో మడి లాంటిది అనుకుంది. నూలు వేరు చేయడానికని ఆమెకి తెలియదు. అలవాటైన చెయ్యి అంటే ఆమెకి ఎడంచెయ్యి. మంచి ఉన్నంతా దాంతో వడికింది. చావు ఉన్నిని రాని కుడిచేత్తో, గడ్డలు గడ్డలుగా, ఓపిగ్గా వడికి గంపలో వేసింది.

మామ్మ ఎప్పటిలాగే వేళ్ళతో నలిపి వేరు చేసింది.

నాన్న ఆ గడ్డల నూలు మగ్గానికి ఎక్కించి విసుక్కున్నాడు. కొత్త కోడలి నూలు కదా, చేయి తిరగడానికి ఏడాది పడుతుందిలే అని మామ్మ సర్దిచెప్పింది. దాంతో ఒక చిన్న గొంగళి అయింది. చలి మొదలయ్యే ముందు నర్సీపట్నం సంతకి నాన్నతో నేనూ వెళ్ళాను. గొంగళ్ళు ఎక్కువగా కొనేది కొండవాళ్ళే. వాళ్ళు పసుపు కొమ్ములూ పిప్పళ్ళూ తెచ్చి ఇచ్చి గొంగళి పట్టుకెళ్ళేవారు. ఒకామె చంటిపిల్లతో వచ్చింది. పెద్ద గొంగళ్ళన్నీ చూసి చిన్నది తీసుకుంది. అక్కడే విప్పి పిల్లని అందులో చుట్టింది. పిల్ల నా వేలు పట్టుకుని వదల్లేదు. తల్లి నవ్వి, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. ఆమె గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి. నాన్న పసుపు వాసన చూసుకుంటున్నాడు. కొనేవాళ్ళ ముఖం ఆయన ఎప్పుడూ చూడడు.

ఆ తర్వాత మళ్ళీ గొర్రెలు పోవడం మొదలైంది. ఈసారి పక్క ఊళ్ళలో కూడా. పిన్ని ఎడమ ముంజేతి మీద ఒక పొక్కు లేచింది. దోమ కుట్టిందని గోక్కుంది. అది నీటిపొక్కు అయింది, చిట్లింది, మధ్యలో మాడిన బొగ్గులా నల్లగా అయింది. చుట్టూ చేయి వాచింది గానీ నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

పశువుల డాక్టరు ఊరికి వచ్చింది గొర్రెల కోసం. దొడ్డి అంతా తిరిగి, మంచినీళ్ళు అడిగాడు. పిన్ని చెంబు ఇచ్చింది. ఆయన చెంబు అందుకోకుండా ఆమె చేయి చూస్తూ నిలబడిపోయాడు.

"చచ్చిన గొర్రెల ఉన్ని ముట్టుకున్నావా అమ్మా?" అన్నాడు.

ఆయన చెప్పింది పెద్దవాళ్ళంతా నిలబడే విన్నారు. ఇది దొమ్మ రోగం. గొర్రె నుంచి మనిషికి వస్తుంది. నెత్తురులోనే కాదు, ఉన్నిలోనూ తోలులోనూ, పాతిన మట్టిలోనూ ఏళ్ళ తరబడి చావకుండా ఉంటుంది. ఆమెని ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంజక్షన్లు పడితే బతుకుతుంది. ఆలస్యమైతే చెప్పలేను అన్నాడు. చచ్చిన గొర్రెల ఉన్నీ, దాంతో చేసినవీ ఏవున్నా కాల్చేయమన్నాడు.

మామ్మ తల ఎత్తే సమాధానం చెప్పింది. మా ఇంట్లో ఆ ఉన్ని ఒంటి మీదకి రానివ్వమని, దాన్ని వేరే ఉంచే పద్ధతి మాకుందని చెప్పింది. చూరులోంచి ఎదురు పురి ఉండలన్నీ కర్రతో లాగించి పెరట్లో కుప్ప వేయించింది. చిన్నాన్న నిప్పు పెట్టాడు. కాలిన జుట్టు వాసన, పచ్చగా దట్టమైన పొగ. మేమంతా కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని చూస్తున్నాం. ఆసుపత్రికి బండి కడుతున్నారు. మూట పట్టుకుని గుమ్మంలో నిలబడిన పిన్ని మంటలోకి చూసింది. ఒక్క అడుగు ముందుకి వేసింది.

"అత్తా, అవి నా ఉండలు. అది మంచి ఉన్ని."

"ఎదురు పురే. నా ఏళ్ళు అబద్ధమాడతాయేటి" అంది మామ్మ.

"పురి సంగతి నాకు తెల్దు. సచ్చిందాన్ని రెండో సేత్తో వడకమన్నావు. నాకు రెండోది ఇది" అని పిన్ని కుడిచెయ్యి చాచింది.

మామ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మంట చిటపటమంటోంది. మామ్మ దగ్గరికి వెళ్ళి, పిన్ని ఎడంచేతిని, నల్ల పుండుకి పైన పట్టుకుంది. పట్టుకునే ఉంది. తిడుతుందని అనుకున్నాను. తిట్టలేదు.

"మరి ఆ గడ్డల నూలు?" అని నాన్నని అడిగింది.

నాన్న మగ్గం గుంట వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. అప్పుడు నాకు పిల్ల వేళ్ళు గుర్తొచ్చాయి.

పిన్నిని ఆసుపత్రిలో చేర్చి వచ్చాక పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. చిన్నాన్న కిందికి చూస్తూ మాట్లాడాడు. కొన్నది ఎవరో తెలియదు, ఏ ఊరో తెలియదు, కొండ మీద ఎన్ని గూడేలని వెతుకుతాం అన్నాడు. ఈ మాట బయటపడితే మా గొంగళి ఇంకెవరూ ముట్టుకోరన్నాడు. ఆయన చెప్పినదాంట్లో ఏదీ అబద్ధం కాదు. అమ్మ గుమ్మం పక్క నుంచి, పిల్లకి ఎన్ని నెలలుంటాయే అని నన్ను మెల్లగా అడిగింది. ఇంకా పళ్ళు రాలేదని చెప్పాను.

మామ్మ లేచింది.

"ఆ తల్లి మొఖం ఈ గుంటకి గేపకముంది. దీన్ని తీసుకెళ్దాం" అంది.

కొండ మీది సంతకి నాన్నా మామ్మా నేనూ జీపులో వెళ్ళాం. అంత చలి నేను ఎరగను. ఎవరి భుజం మీద చూసినా నల్ల గొంగళ్ళే, సగం మా నాన్న నేసినవే. నేను ముఖాలు చూస్తూ నడిచాను. మామ్మ నా వెనకే వస్తూ, కనిపించిన ప్రతి చిన్న గొంగళి అంచునీ వేళ్ళతో నలిపి చూసింది. కొండ ఆడవాళ్ళు నవ్వుకున్నారు. ఒకామె, "ముసిల్దానికి సలేస్తంది కాబోలు, ఇంత కల్లు పోయండి" అంది. మూడు చుక్కల గడ్డం ఎక్కడా కనిపించలేదు. పొద్దు వాలేసరికి నాకు అన్ని ముఖాలూ ఒకేలా కనిపించాయి. ఆ ముఖం మరిచిపోతానేమోనని భయం పట్టుకుంది. ఇంటికొచ్చాక రోజూ కళ్ళు మూసుకుని, ఆ చుక్కల్ని లోపల చూసుకునేదాన్ని.

మరుసటి సంతలో ఆమె కనిపించింది. ఉప్పు కొట్టు దగ్గర వంగి ఉంది. భుజం మీద ఆ చిన్న గొంగళే. చంకలో పిల్ల లేదు.

నేను మామ్మ కొంగు లాగాను. మామ్మ వెళ్ళి గొంగళి కొస పట్టుకుంది. వేళ్ళ కింద గడ్డలు తగిలి ఉంటాయి, కళ్ళు మూసుకుంది.

"పిల్లేదమ్మా?" అంది.

ఇంటి దగ్గర ముసలామె చూస్తోందని ఆమె చెప్పింది. చెంప మీద పుండు లేచిందట. నల్లగా ఉందట, ఆకు పసరు రాశారట. "నొప్పి లేదు. ఏడవట్లేదు. అంతకుముందు బాగా ఏడ్సేది, ఇప్పుడు ఏడవట్లేదు" అంది, అదే మంచి అన్నట్టు.

నాన్న ముఖం తెల్లబోయింది. మామ్మ మాత్రం ఆ గొంగళిని ఆమె భుజం మీద నుంచి తీసి నేల మీద పడేసింది. ఆమె గాభరాపడి అరవబోయింది. జనం పోగయ్యారు. మా దగ్గర ఏళ్ళ తరబడి కొన్నవాళ్ళే అంతా. మామ్మ గొంతు చిన్నది, కానీ ఆ రోజు సంతంతా వినిపించింది.

"ఈ ఏడు మా కాడ గొంగళి కొన్నోలు ఇనండి. మా మందకి దొమ్మొచ్చింది. సచ్చిన గొర్రె ఉన్ని దీన్లో కలిసిపోనాది. కోడలి తప్పు కాదు, నాను సరిగ్గా సెప్పలేదు. ఈ తల్లి పిల్లకి అదే అంటుకుంది. ఎవులికైనా ఒంటి మీద నల్లటి పుండుంటే ఆసుపత్రికి బేగి ఎల్లండి."

ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. అదే ఎక్కువ భయం వేసింది. ఒక్కొక్కరూ భుజాల మీది గొంగళ్ళు తీసి, దూరంగా పట్టుకుని, వాటి వైపు చూశారు. తర్వాత మా వైపు చూశారు. మా చుట్టూ నేల ఖాళీ అయిపోయింది.

ఆ తల్లి ఊరు సంత నుంచి చాలా దూరం, కాలిబాట. నాన్న ఆమెతో నడిచి వెళ్ళాడు. పొద్దున్న మొదటి జీపుకి పిల్లని దించుతానన్నాడు. మామ్మా నేనూ సాయంత్రం జీపులో కిందికి వచ్చేశాం. దారంతా మామ్మ రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది, అవి ఆమెవి కానట్టు.

ఆ తర్వాత మా గొంగళి ఎవరూ కొనలేదు. మిగిలిన గొర్రెల్ని వచ్చిన ధరకి వదిలించుకున్నారు. మగ్గం గుంట పూడ్చి, దాని మీద పొయ్యి పెట్టారు. నాన్న చెరుకు తోటల్లో కూలికి వెళ్ళాడు. పిన్ని ఆసుపత్రి నుంచి తిరిగొచ్చింది. ముంజేతి మీద గుంటపడిన మచ్చ ఆమె పోయేదాకా ఉంది. ఆ మచ్చని ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. ఆ తర్వాత ఎడంచెయ్యినీ దాచలేదు. కొండ పిల్లని మాత్రం సూదులు పూర్తికాకుండానే వాళ్ళవాళ్ళు తీసుకెళ్ళిపోయారని తెలిసింది. ఆ పైన ఏమైందో మాకు తెలియదు. కనుక్కోవడానికి కొండ సంతకి వెళ్ళే ముఖం మాకు లేదు. బతికి ఉంటే నాకంటే కొంచెం చిన్నది, ఆమె కూడా ముసలిదే అయి ఉంటుంది. మా ఇంట్లో ఈ సంగతి ఎత్తినవాళ్ళు లేరు. అందరూ ఒకరి తర్వాత ఒకరు పోయారు, చెప్పకుండానే పోయారు.

నాకు మాత్రం ఆ తల్లి దొరికిన సంత రోజు కంటే దాని మర్నాడే ఎక్కువ గుర్తు. పొద్దున్న ఇంట్లో ఎవరికీ చెప్పకుండా లేచి, నర్సీపట్నంలో కొండ జీపులు ఆగే చోటికి నడిచి వెళ్ళి నిలబడ్డాను. మంచు దట్టంగా ఉంది. ఒక జీపు వచ్చింది, అందులో వాళ్ళు లేరు. ఇంకొకటి చింతపండు బుట్టలతో వచ్చింది. దాని తర్వాతది ఆగగానే నాన్న దిగాడు. వెనక ఆమె దిగింది. పిల్లని పాత నేత చీరలో చుట్టి గుండెకి అదుముకుంది. ముఖం కనిపించడం లేదు. చప్పుడు లేదు. నాన్నని అడగడానికి ధైర్యం చాలలేదు. చీర కింద నుంచి ఒక చిన్న పాదం బయటికి వేలాడుతోంది. దగ్గరికి వెళ్ళి దాన్ని పట్టుకున్నాను. నిప్పులా కాలుతోంది. ఆసుపత్రి గేటు దాకా ఆమె పక్కనే పరుగులాంటి నడక నడిచాను. చేయి వదల్లేదు.